చాందిని నెమరు ఆపిన చోట

మీరు చదవబోయేది ఒక ఇతిహాసం. ఇందులో రాజ్యత్యాగం ఉంది, నిండు సభలో అవమానం ఉంది, తపస్సు ఉంది, ఆకాశవాణి లాంటిది ఒకటి ఉంది, చివర్లో విజయం కూడా ఉంది.

నిజానికి అంత లేదు. రాజ్యం అంటే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సభ అంటే మా లా కాలేజీ సెమినార్ హాలు. అందులో మూడు ఫ్యాన్లుంటే తిరిగేది ఒకటే. తపస్సు జరిగింది కార్వాన్‌లో మా అన్న బర్రెల కొట్టంలో. ఆకాశవాణి ఏమీ పలకలేదు. నమలడం ఆపింది, అంతే.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. ఎనిమిదేళ్లు టెస్టర్‌గా పనిచేసినవాడికి దేని మీదా నమ్మకం మిగలదు. "నా కంప్యూటర్లో బాగానే నడుస్తోంది" అని డెవలపర్ తల్లి మీద ఒట్టేసినా నమ్మకపోవడానికే మాకు జీతం ఇచ్చేవాళ్లు. ఇంట్లో అమ్మ దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేసి "ఘాటే రాలేదు చూడు, ఎంత దిష్టో" అంటే, దిష్టి తీయని మిరపకాయలు కూడా వేసి చూద్దామని అడిగి తిట్లు తిన్నవాడిని.

పైగా ఇలాంటి కథలకు కావలసిన సరంజామా నా దగ్గర లేదు. ఇది జరిగింది మధ్యాహ్నం రెండున్నరకు. ఎండ బాగా ఉంది. పేడ వాసన కూడా.

ముప్పై ఒకటో ఏట ఉద్యోగం మానేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరాను. ఎందుకని అడిగినవాళ్లందరికీ, ఎనిమిదేళ్లు ఎదుటివాళ్ల తప్పులు వెతికాను కదా, ఇక అదే పని నల్లకోటు వేసుకుని చేస్తానని చెప్పేవాడిని. అసలు సంగతి వేరు. చిన్నప్పుడు ఒకసారి మా బాపు నన్ను వెంటబెట్టుకుని నయాపూల్ దగ్గర కోర్టుకు వెళ్లాడు. చేతిలో ఏదో నోటీసు. అందులో ఏముందో చదివి చెప్పమని కనబడిన ప్రతి నల్లకోటునూ అడిగాడు. ఎవరూ ఆగలేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఇందులో జోకు లేదు.

మా క్లాసులో ఒక రిటైరైన కానిస్టేబుల్, ఇద్దరు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌లు, తొమ్మిదేళ్లు స్కూల్లో లెక్కలు చెప్పి వచ్చిన తస్లీమ్ ఉన్నారు. హాజరు పిలిచినప్పుడు కానిస్టేబుల్ గారు లేచి "యెస్ సర్" అంటే లెక్చరరే ఒక్క క్షణం సర్దుకుని నిలబడేవాడు. నేను వెనక బెంచీ. అందరినీ నవ్వించడం నా శాఖ.

రెండో ఏడాది మూట్ కోర్టు వచ్చింది. మూట్ కోర్టు అంటే ఉత్తుత్తి కోర్టు. ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి కక్షిదారులు, నిజమైన చెమట. జడ్జి కుర్చీలో కూర్చోవడానికి ఒక రిటైర్డ్ జడ్జి గారిని పిలిచేవారు. మొదటిసారి నేను లేచి నిలబడగానే నోరెండిపోయింది. మీ మొదటి పాయింటు ఏమిటని ఆయన అడిగారు. రెండో దాని కంటే ముందు వచ్చేదండీ అన్నాను. హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నువ్వు చదువుకుని రాలేదని తెలియకుండా ఉండటానికి నవ్విస్తున్నావు. రేపు నిజం కోర్టులో ఆ నవ్వుకు నీ క్లయింటు మునుగుతాడు. పాత ఉద్యోగం ఉందన్నారుగా, ఆలోచించుకో" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే దాని మీద కూడా జోకు వేసేవాడిని.

అదే వారం పాత కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. సీటు ఖాళీగా ఉందట. మూడు వారాల తర్వాత వచ్చే సోమవారం చేరమన్నాడు. రెండో మూట్ సరిగ్గా దానికి ముందు శనివారం. నాలో నేనే తేల్చుకున్నాను. శనివారం మళ్లీ మునిగితే సోమవారం ఆఫీసు. ఆ సంగతి మా మల్లేశన్నకు మాత్రమే చెప్పాను. చెప్పేటప్పుడు కొట్టం గుమ్మంలో నిలబడి ఉన్నాను. అన్న గడ్డిమోపు దించకుండానే అన్నాడు.

"పోతే పో, ఉంటే ఉండు. గని గిట్ల నడిమిట్ల నిలబడకు తమ్మీ, బర్రెలకు అడ్డమైతున్నవ్."

మా వంశంలో కౌన్సెలింగ్ ఇలాగే ఉంటుంది.

ఈసారి ఇచ్చిన కేసు ఇది. ఒక బస్తీ వాళ్లు ముప్పై ఏళ్లుగా ఒకాయన స్థలంలోంచి నడిచి రోడ్డు మీదికి వెళ్తున్నారు. ప్రతి పండక్కి ఆయనకు మిఠాయి ఇస్తున్నారు. ఆయన పోయాక కొడుకు గోడ కట్టాడు. బస్తీ తరఫున నేను, తస్లీమ్. ఆ దారి మీద హక్కు ఉందని నిరూపించడం నా వంతు, గోడ తీయించడం ఆమె వంతు.

కేసు చదవగానే ఇది మా ఇంటి కథే అనుకున్నాను. మా కొట్టంలోంచి బర్రెలు మూసీ వైపు ఖాళీ జాగాకు పోవాలంటే పక్కనున్న ఖాన్‌సాబ్ ఆవరణ దాటాలి. తాత కాలం నుంచి అదే దారి, అదే ఇనుప గేటు. దానికి తాత పెట్టిన ఆచారం ఒకటుంది. మా ఇంట్లో ఏ బర్రె ఈనినా మొదటి జున్నుపాలు ఖాన్‌సాబ్ ఇంటికి పోవాలి. గిన్నె చేతికిస్తూ, ఈ ఏడు కూడా మా బర్రెలను మీ జాగాలోంచి తోలుకుపోతామని అడగాలి. వాళ్లు "జరూర్" అనాలి. బర్రెలు అప్పటికే గేటు దాటి సగం దూరం పోయి ఉన్నా సరే, అడగడం మాత్రం తప్పదు. అడిగి నడవడమే మర్యాదని మాకు పాలతో పట్టారు.

అందుకే నా వాదనకు నడుంలాంటి వాక్యం మొదటి రోజే రాసేసుకున్నాను. వాదన ఇంగ్లీషులో. తెలుగులో చెప్పాలంటే ఇది: "యజమాని దయతో ఇచ్చిన అనుమతితో, ఏటేటా మిఠాయితో కొత్తగా తీసుకున్న అనుమతితో, నా కక్షిదారులు ముప్పై ఏళ్లు ఆ దారిన నడిచారు." రాసుకుని నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

సాధన కొట్టంలో పెట్టుకున్నాను. ఇంట్లో అయితే అమ్మ తలుపు పక్కన నిలబడి వింటూ కళ్లు తుడుచుకుంటుంది. కొట్టంలో రెండు పూటల పాలు పితకడం మధ్య, రెండింటి నుంచి నాలుగింటి దాకా ఎవరూ ఉండరు. పదకొండు బర్రెలు పడుకుని నెమరు వేస్తుంటాయి. నాకు కావలసింది నవ్వని శ్రోతలు. అంతకంటే గంభీరమైన బెంచి హైదరాబాద్‌లో దొరకదు.

గుమ్మం పక్క మొదటి గుంజకు చాందిని ఉండేది. రంగు చూసి పెట్టిన పేరు కాదు. నిండు చూలుతో ఉందని పాలు పితకడం ఆపి విడిగా కట్టేశారు. నేను దాని ఎదురుగా బకెట్ బోర్లించి, దాని మీద ఫోన్ పెట్టి, ఎనిమిది నిమిషాల వాదన రికార్డు చేసేవాడిని.

వారం తర్వాత నయాపూల్ నుంచి కార్వాన్ వచ్చే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రికార్డింగులు వింటున్నాను. ఎన్నిసార్లు "యాక్చువల్లీ" అంటున్నానో లెక్కపెట్టడం ఉద్దేశం. నా గొంతు వెనకాల చాందిని నమిలే చప్పుడు, కసక్ కసక్ మని, గడియారంలా నడుస్తోంది. ఒకచోట ఆగిపోయింది. అరనిమిషం తర్వాత మళ్లీ మొదలైంది.

నెమరు వేసే పశువు మధ్యమధ్యలో ఆగుతుంది. ముద్ద మింగి ఇంకో ముద్ద తెచ్చుకోవడానికి అయిదారు క్షణాలు. పాలవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. కానీ అరనిమిషం ఆగదు. రెండో రికార్డింగు విన్నాను. అక్కడే ఆగింది. మూడోది. అక్కడే. మొత్తం ఏడు రికార్డింగులు. ఏడింటిలోనూ "దయతో ఇచ్చిన అనుమతితో" అనే మాట దగ్గర నమలడం ఆగింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇక్కడ మామూలు మనిషి అయితే గుడికో దర్గాకో పోతాడు. నేను నోట్‌బుక్ తీసి గడులు గీశాను. జరగాల్సింది ఒక గడి, జరిగింది ఒక గడి, కారణం ఒక గడి.

ఆ వాక్యాన్ని వాదన మొదట్లో పెట్టి చదివాను. మొదట్లోనే ఆగింది. చివరికి మార్చాను, చివర్లో ఆగింది. పూర్తిగా తీసేసి చదివాను. ఎనిమిది నిమిషాలూ నమిలింది. ఆ వాక్యం దగ్గర నా గొంతు మారుతోందేమోనని తస్లీమ్ చేత చదివించి, ఆమె గొంతును ఫోన్‌లో వినిపించాను. ఆగింది. తెలుగులో చెప్పాను. ఆగింది. అదే పొడవున్న వేరే వాక్యం, మా కాలేజీ ఫీజు సర్క్యులర్ లోనిది, చదివాను. పట్టించుకోలేదు. అందులో దానితో నాకు ఏకాభిప్రాయం.

పక్కనున్న పది బర్రెలూ ఏ పరీక్షలోనూ తేడా చూపలేదు. పశువుల డాక్టర్ చాందినిని చూసి, కడుపు శుభ్రంగా ఉంది, దూడ బాగుంది అన్నాడు. డాక్టర్‌ను ఎందుకు పిలిచానో అన్నకు చెప్పక తప్పలేదు. నవ్వుతాడనుకున్నాను. అన్న తీరిగ్గా తౌడు కలుపుతూ, ఆ మాటకు అర్థం ఏందని అడిగాడు. ఆయన మేమెళ్లొచ్చన్నాడు కాబట్టి మేం నడిచాం, అని అర్థం చెప్పాను.

"గందుకే దానికి ఎక్కుతలేదు" అన్నాడు. "బర్రె ఎప్పుడన్న ఎవర్నన్న అడిగి నడిచిందార? తాత అడిగిండు, బాపు అడిగిండు, నేను అడుగుతున్న. అది మాత్రం గేటు తీస్తే చాలు, దాని తాత జాగ లెక్క పోతది."

అన్న నవ్వించడానికి అనలేదు. తౌడులో నీళ్లు పోసుకుంటూ అన్నాడు. నేను మాత్రం బకెట్ మీద కూలబడ్డాను. ఫోన్ దాని మీదే ఉంది, అది వేరే నష్టం.

ఎందుకంటే ఆ సంగతి నేను చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఒకరి స్థలంలో ఇరవై ఏళ్లు నడిస్తే ఆ దారి మీద హక్కు పుడుతుంది. కానీ ఆ నడక బలవంతంగా ఉండకూడదు, దొంగచాటుగా ఉండకూడదు, ముఖ్యంగా అనుమతి మీద ఉండకూడదు. హక్కు ఉన్నవాడిలా నడవాలి. అడిగి నడిస్తే అది హక్కు కాదు, దయ. దయను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నా వాదనకు నడుం అనుకున్న వాక్యం నా కక్షిదారుల నడుం విరగ్గొట్టే వాక్యం.

కేసు కాగితం మళ్లీ తీసి చూశాను. అందులో మిఠాయి ఉంది. అనుమతి అన్న మాట ఎక్కడా లేదు. దాన్ని నేను మా ఇంటి నుంచి, జున్ను గిన్నెతో పాటు, మోసుకొచ్చి పెట్టాను. తస్లీమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. ఆమె పుస్తకం తిరగేసి చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"ఇది నీకెవరు చెప్పిన్రు?"

సీనియర్ ఒకరు, అన్నాను. అబద్ధం కాదు. ఆ దారిన చాందిని నాకంటే ఎక్కువసార్లు నడిచింది.

శనివారం వచ్చింది. అదే హాలు, అదే ఒక్క ఫ్యాను, అదే రిటైర్డ్ జడ్జి గారు. నన్ను చూసి కళ్లజోడు సర్దుకున్నారు. నేను ఆ వాక్యం లేకుండా ఎనిమిది నిమిషాలు మాట్లాడాను. ఒక్క జోకూ వేయలేదు. వెనక బెంచీలు నన్ను గుర్తుపట్టలేక ఇబ్బంది పడ్డాయి. తర్వాత తస్లీమ్ గోడ సంగతి చెప్పింది.

అప్పుడు ఎదుటి పక్షం కుర్రాడు లేచాడు. బాగా చదువుకొచ్చాడు. మిఠాయి ఎందుకిచ్చారు, అనుమతి కోసమే కదా, అనుమతి ఉన్నచోట హక్కు ఎక్కడిది అని, నేను ఏ గోతిలో పడబోయి తప్పించుకున్నానో సరిగ్గా అక్కడికి నన్ను తోసుకెళ్లాడు. ఆ ఒక్క పాయింటు మీదే నాలుగైదు నిమిషాలు నిలబడ్డాడు. జడ్జి గారు తల ఊపుతున్నారు. సోమవారం నాకు ఎదురుగా కనిపిస్తోంది.

జవాబు చెప్పడానికి నాకు రెండు నిమిషాలిచ్చారు. లేచేలోపే జడ్జి గారు అడిగారు. నీ వాళ్లు ఆయన్ని అడిగి నడిచారా, అడగకుండా నడిచారా? హక్కు ఉన్నవాడి నడక ఎలా ఉంటుందో చెప్పు.

నా నోరు మళ్లీ ఎండిపోయింది. ఎండిన నోట్లోంచి బయటికి వచ్చింది ఇదే.

"బర్రె నడకలా ఉంటుంది, మై లార్డ్."

హాల్లో నవ్వు మొదలైంది. నేను ఆగలేదు. అది పట్టపగలు, పదిమంది చూస్తుండగా నడుస్తుందని చెప్పాను, దొంగచాటు లేదు. ఎవరినీ పొడవదు, బలవంతం లేదు. ఎవరినీ అడగదు. దాని యజమాని పక్కింటికి జున్ను పంపితే అది ఇరుగుపొరుగు మర్యాద, ఆ జున్నుతో బర్రెకు సంబంధం లేదు. నా కక్షిదారులు పండక్కి మిఠాయి ఇచ్చారు. మిగతా రోజులు ఊరికే నడిచారు. మిఠాయి ఆలస్యమైన రోజు ఎవరైనా ఆ దారి మొదట్లో ఆగినట్టు ఈ కాగితాల్లో ఎక్కడా లేదు.

నవ్వు ఆగిపోయింది. జడ్జి గారు ఏదో రాసుకున్నారు. చాలాసేపు రాసుకున్నారు.

"ఈసారి కూడా నవ్వించావు" అన్నారు. "కానీ ఈసారి నీ క్లయింటు ఒడ్డున పడ్డాడు."

కేసు గెలిచాం. బాగా వాదించినవాడిగా నా పేరే చదివారు. కానిస్టేబుల్ గారు లేచి నిలబడి సెల్యూట్ కొట్టారు. మెట్లు దిగుతూనే పాత మేనేజర్‌కు రావడం లేదని రెండు లైన్లు రాసి పంపాను. రెండో లైను థ్యాంక్యూ. ఆ మెట్ల మీద ఒక క్షణం బాపు గుర్తొచ్చాడు. తర్వాత, నయం, వెంటనే ఆకలేసింది.

ఇక్కడితో ఆగితే ఇది విజయగాథ. ఫోన్‌లో అన్న వాయిస్ మెసేజ్‌లు రెండు ఉన్నాయి.

మొదటిది పన్నెండూ ఆరుకు వచ్చింది. "తమ్మీ, చాందిని లేచి నిలబడ్డది. నెమరు ఆపింది. గడ్డి పెడితే మూతి సుత పెడ్తలేదు. నొప్పులు గిట్ల మొదలైనయేమో, డాక్టర్‌ను పిలువాల్నా?"

రెండోది పన్నెండూ పదకొండుకు. "ఫికర్ లేదు. కూసున్నది. నములుడు షురూ చేసింది."

మూట్‌లో ఎవరు ఎప్పుడు లేచారో, ఎప్పుడు కూర్చున్నారో టైము రాయడానికి ఒక జూనియర్ అమ్మాయిని కూర్చోబెడతారు. ఆ కాగితం అడిగి చూశాను. ఎదుటి కుర్రాడు అనుమతి పాయింటు ఎత్తుకున్నది పన్నెండూ అయిదుకు. నేను కూర్చున్నది పన్నెండూ పదకొండుకు. నా వంతు ఎన్ని గంటలకో అన్నకు తెలియదు. పొద్దుటిపూట అని మాత్రమే చెప్పాను. సెమినార్ హాలుకూ మా కొట్టానికీ మధ్య మూసీ నది, ట్రాఫిక్, కొన్ని వేల మంది ఉన్నారు.

ఆ సాయంత్రం కొట్టానికి వెళ్లి, పాత వాక్యం చాందిని ముందు మళ్లీ చదివాను. ఆగింది. జడ్జి గారికి చెప్పిన జవాబు చదివాను. నమిలింది. నోట్‌బుక్‌లో రాశాను. కారణం అనే గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. యాదృచ్ఛికం అని రాయొచ్చు. కానీ టెస్టర్‌గా ఉన్నప్పుడు ఎవరైనా ఆ మాట రాసి బగ్ మూసేస్తే, నేనే మళ్లీ తెరిచేవాడిని.

పన్నెండు రోజులకు చాందిని ఈనింది. ఆడదూడ. అన్న మొదటి జున్నుపాలు మూతగిన్నెలో పోసి నా చేతికిచ్చాడు. వకీలయ్యేటోడివి, ఈసారి నువ్వే పోయి అడుగు అన్నాడు.

గేటు దగ్గర నిలబడ్డాక తట్టింది. నేను గెలిచిన న్యాయం ప్రకారం, మూడు తరాలుగా అడిగి నడిచిన మా కుటుంబానికి ఈ దారి మీద నయాపైసా హక్కు లేదు. ఇప్పుడు మళ్లీ అడిగానంటే దానికి ఇంకో మేకు కొట్టినట్టే. అడగకుండా గిన్నె ఇచ్చి వచ్చేస్తే, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా నా కేసు వాదించొచ్చు.

ఖాన్‌సాబ్ కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నారు. కళ్లజోడు మీదనుంచి నన్ను చూశారు.

"ఆవో వకీల్‌సాబ్. ఏందో అడగనీకి వచ్చినట్టున్నవ్?"

అడిగాను. ఈ ఏడు కూడా మా బర్రెలను మీ జాగాలోంచి తోలుకుపోతాం అన్నాను. "జరూర్" అన్నారు. ఆ క్షణంలో గోడ అవతల చాందిని ఏం చేస్తోందో అన్నను అడగలేదు. కొన్ని పరీక్షలు పెట్టకపోవడమే మంచిది.

గేటు గడియ తుప్పు పట్టింది. కొంచెం పైకెత్తి లాగితేనే వస్తుంది.